గట్టు గట్టిగా ఉంటే సరిపోదు

భీమవరం దగ్గర ఒక రొయ్యల చెరువు. తెల్లవారుజామున ఐదున్నరకి మేం తయారుచేసిన పీహెచ్ మీటర్ 7.0 చూపిస్తోంది. రైతు చేతిలోని పాత మీటర్ 7.8 అంటోంది. "ఏది నమ్మమంటారండీ? సున్నం వెయ్యనా, వద్దా?" అని అడిగారాయన. పాత మీటరే నిజమైతే, సున్నం వేసిన కొద్దీ పీహెచ్ ఇంకా పెరిగి, నీళ్లలోని అమ్మోనియా రొయ్యలకి విషమవుతుంది. నా దగ్గర జవాబు లేదు.

తమాషా ఏంటంటే, తెల్లవారేసరికి చెరువు పీహెచ్ నిజంగానే తగ్గుతుంది. రాత్రంతా నీళ్లలోని జీవులు వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్ల. అందుకే అన్నాళ్లూ మాకు అనుమానం రాలేదు. వచ్చాక సాఫ్ట్‌వేర్ వాడు చేసే పనే చేశాను: వంద రీడింగులు తీసి సగటు కట్టాను. తప్పు అంకె ఇంకా నిలకడగా వచ్చింది!

ఏసీ ఆఫీసులో మాత్రం మీటర్ బుద్ధిగా పనిచేస్తుంది. బోర్డుని ఒకసారి చూసి మా హార్డ్‌వేర్ సీనియర్ అడిగిన మొదటి ప్రశ్న: "మంచు పడుతోందా అక్కడ?"

పీహెచ్ ఎలక్ట్రోడ్ గాజుది. దాని నిరోధం 10 కోట్ల ఓమ్‌ల పైమాటే. బోర్డు మీద దాని తీగకీ, పక్కనున్న 5 వోల్టుల సప్లై గీతకీ మధ్య తేడా 2.5 వోల్టులు. చెమ్మ, వేలిముద్రల ఉప్పు, టంకం వేసినప్పుడు మిగిలిన ఫ్లక్స్ కలిసి ఆ మధ్యలో 500 కోట్ల ఓమ్‌ల దారి వేశాయనుకోండి. వినడానికి పెద్ద అంకెే. కానీ దాంట్లోంచి అర నానో ఆంపియర్ కారుతుంది. అది ఎలక్ట్రోడ్‌లోంచి పోతే 50 మిల్లీవోల్టుల తప్పు. ఒక పీహెచ్‌కి సుమారు 59 మిల్లీవోల్టులు. అంటే 0.8 పైన తేడా, అదీ తగ్గేవైపే. మా కథ సరిగ్గా ఇదే.

గట్టు ఎంత గట్టిగా వేసినా పై చేలోంచి కింది చేలోకి ఊట ఆగదు. అదే రెంటి మధ్యా ఒక బోదె తవ్వి, అందులో నీళ్లు ఎప్పుడూ మన చేను మట్టానికే ఉండేలా చూస్తే? పై చేను ఊట బోదెలో పడుతుంది. బోదెకీ మన చేనుకీ మట్టం ఒకటే కాబట్టి మనవైపు ఏమీ కదలదు. గార్డ్ అంటే ఆ బోదె. ఎలక్ట్రోడ్ తీగ చుట్టూ ఒక రాగి వలయం గీసి, బఫర్ ఆంప్లిఫయర్‌తో దాన్ని సరిగ్గా తీగ వోల్టేజీ దగ్గరే నిలబెడతాం. సప్లై నుంచి కారేదంతా ఆంప్లిఫయర్ మింగేస్తుంది. వలయానికీ తీగకీ 1 మిల్లీవోల్టు తేడా మిగిలినా, ఆ 500 కోట్ల దారిలో కారేది ముందుకంటే 2500 రెట్లు తక్కువ.

నేను మొదట ఆ వలయాన్ని గ్రౌండ్‌కి కలిపేద్దామన్నాను. సీనియర్ నవ్వారు. గ్రౌండ్ సున్నా, తీగ 2.5 దగ్గర. ఊట ఆగదు, దిశ మారుతుందంతే. ఇంకో రెండు సంగతులు కూడా చెప్పారు. వలయం బోర్డుకి రెండువైపులా ఉండాలి. దాని మీద ఆకుపచ్చ పూత ఉండకూడదు, లేకపోతే చెమ్మ పూత మీదుగా దాటిపోతుంది.

కొత్త బోర్డుని ఆల్కహాల్‌తో కడిగి, అదే చెరువుకి, అదే వేళకి పట్టుకెళ్లాం. మంచు బాగా పడుతోంది. మాది 7.7, ఆయనది 7.8. సున్నం బస్తాలు షెడ్డులోనే ఉండిపోయాయి. ఆయన మాత్రం పాత మీటర్ని ఇంకా జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నారు.