టార్కు కన్వర్టరును ఊడఁదీయుట

ఆటోమేటిక్ బండికి క్లచ్చి పెడలు లేదు. పెక్కు ఆటోమేటిక్ బండ్లలో ఇంజనునకును గేరుబాక్సునకును నడుమ టార్కు కన్వర్టరను నూనె నిండిన ఉక్కుడొల్ల యుండి, ఆ నూనె సుడిచేత బలము నందించును. దీనిని ఊడఁదీయునపుడు మెకానిక్కుల తొందరపాటును చూచుచు రైతు సోదరు లూరకుండుట మాకు సమ్మతము కాదు. కూలి యిచ్చువారు మనమే గదా, అడుగుటకు సిగ్గేల?

ముందుగా అడుగు మూఁతను దీసి, ఇంజనును చేతితోఁ ద్రిప్పుచు, డొల్లను ఫ్లెక్సు ప్లేటను పలుచని రేకుచక్రమునకు బిగించిన బోల్టుల నొక్కొక్కటిగా విప్పవలెను. పిమ్మట గేరుబాక్సును జాకీపై నిలిపి, డొల్లతోఁ గూడ వెనుకకు జరిపి దింపి, అప్పుడు డొల్లను తిన్నగా లాగవలెను. బరువు మెండు, నూనెయుఁ గాఱును.

అసలు గండము మరల నెక్కించుటలోఁ గలదు. మేమెఱిఁగిన యొక బండిలో డొల్ల నూనెపంపులోనికిఁ బూర్తిగా దిగకమునుపే గేరుబాక్సును బోల్టులతో బిగించి దగ్గఱకు లాగిరి. పంపు పగిలినది, వేరుసెనగ యమ్మిన సొమ్ము దానికే సరిపోయినది. డొల్లను త్రిప్పుచు నెట్టఁగా మెట్టుమెట్టుగా లోపలికి దిగును. గేరుబాక్సు ఇంజనునకుఁ జేతితోనే ఆనవలెను. ఆనిన పిదప డొల్ల సులువుగాఁ దిరుగుచు, రేకుచక్రమునకును దానికిని కొంచెము సందుండవలెను. ఆ సందును చూపుమని యడిగి, కన్నులారఁ జూచిన తరువాతనే బోల్టులు బిగింపనిండు.