ఆయన అల్లితే అభిరుచి, ఆమె అల్లితే కాలక్షేపం

స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలకు జరిగిన ఒక శిక్షణ శిబిరంలో, తీరిక దొరికితే ఏం చేస్తారో చెప్పమని ఒక్కొక్కరినీ అడిగాం. పాటలు, పుస్తకాలు, క్రికెట్టు అంటూ మగవాళ్లు చెప్పుకుంటూ పోయారు. ఆడవాళ్లలో చాలామంది "మాకు తీరిక ఎక్కడిదండీ" అన్నారు. చివర కూర్చున్న ఒక యువకుడు కాసేపు తటపటాయించి, "లేసు అల్లుతానండీ. చిన్నప్పుడు మా అక్క దగ్గర నేర్చుకున్నాను" అన్నాడు. గదంతా ఘొల్లుమంది. నవ్వినవాళ్లలో మగవాళ్లే కాదు, మేమూ ఉన్నాం. ఆ రోజంతా అతను మళ్లీ నోరు విప్పలేదు.

మనం ఎందుకు నవ్వాం? ఆడపిల్ల మోటారుసైకిలు నడిపితే "మగరాయుడు" అంటారు. అందులో మందలింపుతో పాటు కాస్త మెప్పు కూడా ఉంటుంది. మగపిల్లవాడు సూది పడితే "ఆడంగి" అంటారు. అందులో మెప్పు మచ్చుకైనా లేదు. ఆమె ఒక మెట్టు ఎక్కిందని, అతను ఒక మెట్టు దిగాడని లోకం లెక్క. అతను దిగింది ఎక్కడికి? మనం ఉన్న చోటికే కదా! అంటే ఆ ఎగతాళి అతని మీదుగా వచ్చి తగిలేది మనకే.

ఈ విషయంలో మన ఉద్యమాలు కూడా శుద్ధమైనవేమీ కావు. పనిచేయని అధికారికి గాజులు, చీర బహూకరించే నిరసనలు మనం చూశాం, కొన్నిసార్లు వాటిలో పాల్గొన్నాం కూడా. మన చేతికున్న గాజులను మనమే చేతకానితనానికి గుర్తుగా చూపించాం. ఒక చేత్తో పితృస్వామ్యాన్ని ప్రశ్నిస్తూ రెండో చేత్తో దాని భాషనే అరువు తెచ్చుకోవడం ఇది.

కాబట్టి ఆ యువకుడిని చూసి నవ్వడం తప్పు. అలాగని "ఆహా, ఎంత మారిన మగవాడు" అని చప్పట్లు కొట్టాలా? ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక కార్యకర్త మెల్లగా అడిగిన మాట నన్ను ఆపింది: "ఆయన అల్లుకుంటూ కూర్చుంటే పొయ్యి దగ్గర ఎవరున్నారండీ?"

లేసు అనగానే మనకు గుర్తొచ్చేది నరసాపురం. 19వ శతాబ్దంలో మిషనరీ కుటుంబాల స్త్రీలు నేర్పిన ఈ అల్లిక గోదావరి డెల్టా గ్రామాల్లో వేలాది స్త్రీల పని అయింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడ పరిశోధన చేసి 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పుస్తకం ప్రచురించారు. గంటల తరబడి అల్లి విదేశీ మార్కెట్టుకు సరుకు అందించిన ఆ స్త్రీలను అందరూ "గృహిణులు"గానే లెక్కవేశారనీ, వాళ్ల శ్రమను "తీరికవేళ పని" అన్నారనీ, అతి తక్కువ కూలికి ఆ పేరే సాకు అయిందనీ ఆమె చూపించారు. వ్యాపారం, ఎగుమతి, లాభం మగవాళ్ల చేతుల్లో ఉండేవి. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. గుర్తింపు పొందిన సరుకులో అల్లిన చేతికి దక్కేదెంత అని మనం అడుగుతూనే ఉండాలి.

ఒకే సూది, ఒకే దారం. ఆమె పొట్టకూటికి అల్లితే దాన్ని కాలక్షేపం అన్నారు. ఆయన నిజంగానే కాలక్షేపానికి అల్లితే కళ అంటారు, లేదా నవ్వుతారు. కూలి అడగాల్సిన అవసరం మాత్రం ఆయనకు లేదు.

"ఆడపని" మగవాడు చేసినంత మాత్రాన వ్యవస్థ కదలదనడానికి మన సంస్కృతిలోనే సాక్ష్యాలున్నాయి. రోజూ వండేది ఆడవాళ్లు, గొప్ప వంటకు మాత్రం పేరు నలభీమపాకం! కూచిపూడి మేళాల్లో తరతరాలుగా స్త్రీ పాత్రలు ధరించింది మగవాళ్లే. సత్యభామగా పేరుపొందిన వేదాంతం సత్యనారాయణ శర్మకు 1970లో పద్మశ్రీ వచ్చింది. నాటకరంగంలో స్త్రీ పాత్రలకు ప్రసిద్ధులైన స్థానం నరసింహారావుకు 1956లోనే వచ్చింది. వారి ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ అదే భామాకలాపాన్ని ఆడిన కళావంతుల స్త్రీలకు దక్కింది అపవాదు. దోపిడీని ఆపాలని 1947లో మద్రాసు రాష్ట్రం తెచ్చిన దేవదాసీ చట్టం, గుడిలో వాళ్లు నాట్యం చేయడాన్నే నేరం చేసింది. స్త్రీలా అభినయించిన పురుషుడు కళాకారుడయ్యాడు. స్త్రీగానే నాట్యం చేసిన ఆమె సంస్కరించవలసిన సమస్య అయింది.

ఇక తీరిక సంగతి. 2019లో కేంద్ర గణాంక శాఖ జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, 6 ఏళ్లు, అంతకు పైబడిన స్త్రీలలో 81.2 శాతం మంది జీతం లేని ఇంటిపని చేస్తున్నారు. పురుషుల్లో ఇది 26.1 శాతం. ఆ పని చేసేవాళ్లలో కూడా స్త్రీ రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, పురుషుడు వెచ్చించేది 97 నిమిషాలు. 2024 సర్వేలో ఈ నిమిషాలు 289, 88. అయిదేళ్లలో ఆమెకు 10 నిమిషాలు తగ్గాయి, ఆయనకూ 9 నిమిషాలు తగ్గాయి! అభిరుచి అంటే చేతిపని ఒక్కటే కాదు. తనదని చెప్పుకోగల సమయం, చేయనని చెప్పగల స్వేచ్ఛ కూడా కావాలి. ఆ యువకుడికి అవి రెండూ ఉన్నాయి. అతనికి నేర్పిన అక్కకు ఉన్నాయా?

మగవాళ్లు కుట్లు, అల్లికలు, ముగ్గులు, వంట ఇష్టంగా నేర్చుకోవాలనే నేను కోరుకుంటాను. మనకు సాయం చేస్తారని కాదు. ఒక పనికి ఆడ, మగ అనే ముద్ర చెరిగిపోవాలంటే అందరి చేతులూ దాన్ని ముట్టుకోవాలి. కానీ ఇందులో మనం మరచిపోతున్న రెండో సగం ఉంది. అతనికి అల్లిక ఇష్టమని చెప్పే హక్కు ఎంత అవసరమో, ఆమెకు "నాకు వంట ఇష్టం లేదు" అని చెప్పే హక్కు కూడా అంతే అవసరం. ఇష్టం లేదని చెప్పే వీలు లేని చోట ఇష్టమన్న మాటకు విలువేముంది?

మన శిబిరాల్లో ఇకముందు ఈ మూడు ప్రశ్నలూ కలిపి అడుగుదాం. తీరికవేళ ఏం చేస్తారు? ఆ తీరిక మీకు ఎవరి పని వల్ల దొరికింది? మీ తీరిక వల్ల ఇంట్లో ఇంకెవరికైనా కాస్త తీరిక దొరికిందా? మగవాళ్లు రెండో ప్రశ్న దగ్గర తడబడతారు. తడబడనిద్దాం. మొదటి ప్రశ్నకు "లేసు అల్లుతాను" అని ఎవరైనా అంటే మాత్రం ఈసారి నవ్వకుండా, ఏ నమూనా అల్లుతున్నాడో అడుగుదాం.