అటక మీది ల్యాప్‌టాప్‌ను కిందికి దించండి

ఈమధ్య మా సంఘం ఆఫీసు బీరువా సర్దుతుంటే రెండు పాత ల్యాప్‌టాప్‌లు బయటపడ్డాయి. ఎనిమిదేళ్ల క్రితం ఎవరో ఇచ్చినవి. "అవి పనిచెయ్యవండీ, కొత్తవి కొనుక్కోమన్నాడు రిపేరు షాపతను" అన్నారు లెక్కలు చూసే పెద్దాయన. ఛార్జర్ తగిలించి నొక్కితే రెండూ వెలిగాయి. కీబోర్డులు బాగున్నాయి, వైఫై అందుతోంది. కాకపోతే తెరుచుకోవడానికే పది నిమిషాలు పట్టింది. తెరుచుకున్నాక తెర మూలన, ఇది అసలైన విండోస్ కాదంటూ హెచ్చరిక కనిపించింది. సరిగ్గా అదే వారం, మా సంఘంలోనే డిగ్రీ చదివే ఒక అమ్మాయి తన ప్రాజెక్టు రిపోర్టునంతా వాళ్ల నాన్న ఫోన్లో వేళ్లు నొప్పిపుట్టేలా టైపు చేసుకుంటోంది. బీరువాలో యంత్రం ఉంది, గుమ్మం దగ్గర దాని అవసరం ఉంది. రెండింటినీ కలపాలని మనకెవరికీ తట్టలేదు.

ఇది మా ఒక్క సంఘం కథ కాదనుకుంటాం. హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా, షోలాపూర్‌లోనైనా, యానాంలోనైనా ఇలాంటి బీరువాలు ఉంటాయి. అందుకే ఈసారి ఈ విషయం.

ముందుగా ఒక మాట. ఆ ల్యాప్‌టాప్‌లు చెడిపోలేదు. వాటిలోని ఆపరేటింగ్ సిస్టమ్‌కు కాలం చెల్లింది, అంతే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇళ్లలో వాడుకునేవారికి మరో ఏడాది భద్రతా అప్‌డేట్లు పొందే ఏర్పాటు చేసినా, అదీ 2026 అక్టోబరు వరకే. విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి. ఇంకా ఐదారేళ్లు నడిచే యంత్రాలు కూడా ఈ లెక్కతో ఒక్కసారిగా పాతసామాను అయిపోయాయి.

అప్పుడు మనవాళ్లు చేసేది రెండింటిలో ఒకటి. అప్పుచేసి కొత్తది కొనడం, లేదా షాపులో ఏదో కొంత ఇచ్చి దొంగ కాపీ వేయించుకోవడం. రెండోదాని గురించి మనం మాట్లాడుకోం. ఆదివారం బడిలో పిల్లలకు దొంగతనం తప్పని చెబుతాం. ఆ పాఠం ప్రింటు తీసే కంప్యూటర్‌లో ఉన్నది మాత్రం దొంగ కాపీ. పేదరికం వల్లే అలా చేశామన్నది నిజమే. కానీ పేదవాడు కూడా తలెత్తుకుని వాడుకోగల దారి ఒకటి ఉన్నప్పుడు ఆ సాకు నిలవదు.

ఆ దారి ఓపెన్ సోర్స్. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్‌ను లోకం ముందు పెట్టారు. ఆ రెండు పనులూ కలిసి, వేలాదిమంది చేతులు పడి, ఇవాళ్టి ఉబుంటు, డెబియన్, లినక్స్ మింట్ లాంటివి తయారయ్యాయి. వీటిని ఎవరైనా, ఏ పనికైనా వాడుకోవచ్చు. లోపల ఎలా పనిచేస్తుందో చూడవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికి పంచవచ్చు. ఇక్కడ కాపీ చేసి పొరుగువాడికి ఇవ్వడం నేరం కాదు. దాని లైసెన్సు ఇచ్చిన హక్కే అది.

ఇది మనలాంటివాళ్లకు కుదిరేది కాదని అనుకోకండి. మన పక్కనున్న కేరళలో ప్రభుత్వ పాఠశాలల పిల్లలు ఏళ్ల తరబడి కంప్యూటర్ పాఠాలు నేర్చుకుంటున్నది లినక్స్ మీదే. చెన్నైలో సీడాక్ సంస్థ బాస్ అనే భారతీయ లినక్స్‌ను తయారుచేసింది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ తెలుగులో ఈ పని చేస్తోంది.

ఇక ఎలా వేయాలో చూద్దాం. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌కు లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం సరిపోతుంది. మొదటి పని, ఫొటోలు, సర్టిఫికెట్లు, సంఘం లెక్కలు అన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసుకోవడం. ఈ మెట్టు దాటేసినవాళ్లే తర్వాత ఏడుస్తారు. బిట్‌లాకర్ వేసి ఉంటే దాని రికవరీ కీ కూడా రాసిపెట్టుకోండి. ఆ తర్వాత మింట్ అధికారిక వెబ్‌సైటు నుంచి ఐఎస్‌ఓ ఫైలు దించుకుని, రూఫస్ లేదా ఎచర్ అనే ఉచిత ప్రోగ్రాముతో ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. పెన్‌డ్రైవ్‌లో ముందున్నదంతా చెరిగిపోతుందని గుర్తుంచుకోండి. దాన్ని గుచ్చి ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూ ఎఫ్12 గానీ, ఎఫ్9 గానీ, ఎస్కేప్ గానీ నొక్కితే బూట్ మెనూ వస్తుంది. ఏ బటన్ అన్నది కంపెనీని బట్టి మారుతుంది.

ఇక్కడే చాలామందికి తెలియని సౌకర్యం ఒకటుంది. ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి మింట్ మొత్తం నడుస్తుంది. వైఫై పట్టిందా, శబ్దం వస్తోందా, ప్రొజెక్టర్, ప్రింటర్ పలుకుతున్నాయా అని ఒక గంట పరీక్షించండి. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసేయండి, పాతది పాతట్టే ఉంటుంది. నచ్చితేనే డెస్క్‌టాప్ మీది ఇన్‌స్టాల్ గుర్తు నొక్కండి. విండోస్ పక్కనే ఉంచుకోవాలా, డిస్కంతా చెరిపి వేయాలా అని అడిగే చోట ఒక్క నిమిషం ఆగి, రెండుసార్లు చదివి నొక్కండి. మిగతా పని సాధారణంగా అరగంటలో అయిపోతుంది. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ కూడా వేయించగలిగితే, అదే ల్యాప్‌టాప్ అని మీరే నమ్మరు.

లిబ్రే ఆఫీస్, ఫైర్‌ఫాక్స్ దాంతోపాటే వస్తాయి. ఆరాధనలో పాటలు తెర మీద చూపించడానికి ఓపెన్‌ఎల్‌పీ ఉంది, అదీ ఉచితమే.

ఇబ్బందులు దాచిపెట్టడం న్యాయం కాదు. ఫొటోషాప్, పేజ్‌మేకర్ నేరుగా నడవవు. కొన్ని ప్రింటర్లు మొరాయిస్తాయి. కొన్ని ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్‌లు విండోస్‌లో తప్ప తెరుచుకోవు. అలాంటి అవసరం ఉన్నవాళ్లు విండోస్‌ను పక్కనే ఉంచుకోవడం మంచిది.

మనకు మరో చిక్కు ఉంది. మన సంఘాల పాటల పుస్తకాలు, పత్రికలు, నివేదికలు చాలావరకు అను ఫాంట్లలో టైపైనవే. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే కనిపించేది అర్థంకాని గుర్తులు. అంటే మన పెద్దలు రాసినది మన పిల్లలు తెరవలేని పెట్టెలో ఉంది. కన్వర్టర్లతో వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు, తప్పులు మాత్రం చేత్తో దిద్దాలి. ఆ పని లినక్స్ వేసినా వేయకపోయినా చేయవలసిందే.

తెలుగు రాష్ట్రాల బయట ఉన్న మనకు ఇదే అసలు సంగతి. మన పిల్లల్లో చాలామందికి బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో వస్తుంది, తెలుగు ఇంట్లో వినికిడి మాత్రమే. కంప్యూటర్‌లో తెలుగు కనబడకపోతే అది అమ్మమ్మ భాషగానే మిగిలిపోతుంది. లినక్స్‌లో కీబోర్డు సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ వస్తుంది. ఇంగ్లిషు అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పించుకోవాలంటే ఐబస్ ఉంది. మెనూలు కూడా తెలుగులో పెట్టుకోవచ్చు, అయితే అనువాదం ఇంకా అసంపూర్ణం. దాన్ని పూర్తిచేయడానికి ఏ కంపెనీ లాభం చూసుకోవాలో అని ఎదురుచూడనక్కర్లేదు. తెలుగు వచ్చిన ఎవరైనా కూర్చుని చేయవచ్చు. మన రిటైర్డ్ టీచర్లకు, మన యువతకు కలిసి చేయడానికి ఇంతకంటే మంచి పని ఏముంది?

పారేసిన కంప్యూటర్లు ఎక్కడికి పోతాయో కూడా తలచుకోండి. ఢిల్లీ సీలంపూర్ లాంటి చోట్ల వాటిని ఉత్త చేతులతో విప్పేది పేద కుటుంబాలే. మనం ఐదేళ్లు ఎక్కువ వాడిన ప్రతి యంత్రం అంత ఆలస్యంగా ఆ చేతుల్లో పడుతుంది.

యువతీ యువకులారా, మీరు చేయవలసింది ఒక్క శనివారం పని. ఒక పెన్‌డ్రైవ్ సిద్ధం చేసుకోండి. మీ సంఘంలో మూలపడ్డ ల్యాప్‌టాప్‌లు తెమ్మని ప్రకటన చేయించండి. ఒకదానికి మీరు వేయండి, రెండోదానికి పక్కవాడితో వేయించండి. పెద్దలారా, అది సరిగా రాకపోతే ఆ పిల్లలను విసుక్కోకండి, ఇంకో శనివారం ఇవ్వండి.

మా బీరువాలోని రెంటిలో ఒకటి ఇప్పుడు ఆఫీసు లెక్కలు రాస్తోంది. రెండోదాని మీద ఆ అమ్మాయి తన రిపోర్టు పూర్తిచేసింది. తిరిగి ఇస్తానంటే వద్దన్నాం, ఇంకొకరికి ఇన్‌స్టాల్ చేయడం నేర్పితే చాలన్నాం.