‘డిడ్ నాట్ కేమ్’ అంటే నవ్వెందుకు?

ఈ వారం వచ్చిన సందేహాల కట్టలో ఒక ఉత్తరం మిగతావాటిలా లేదు. రాసింది ఓ తల్లి. ఆమె కొడుకు అయిదో తరగతి దాకా సొంతూళ్లో తెలుగు మీడియంలో చదివాడు. ఆరో తరగతికి పట్నం తీసుకొచ్చి ఇంగ్లిష్ మీడియంలో వేశారు. మధ్యలో జ్వరమొచ్చి రెండ్రోజులు బడి మానేశాడు. మూడోరోజు వెళ్తే, ఎందుకు రాలేదని టీచరు ఇంగ్లిష్‌లో అడిగారు. పిల్లాడు లేచి చేతులు కట్టుకుని... ‘ఎస్టర్‌డే ఐ డిడ్ నాట్ కేమ్, మేడమ్. ఐ యామ్ సఫరింగ్ ఫీవర్ సిన్స్ టూ డేస్’ అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. టీచరు కూడా నవ్వారట.

ఇది జరిగి నెలన్నర. అప్పట్నుంచీ వాడు క్లాసులో నోరు తెరవలేదు. ఇంగ్లిష్ పీరియడ్‌లోనే కాదు, లెక్కల్లో అర్థం కాకపోయినా అడగడం లేదు. ‘నేను పదో తరగతి వరకే చదివాను, అదీ తెలుగులో. వాడు ఏం తప్పు మాట్లాడాడో నాకూ తెలియదు. మీరు చెబితే వాడికి చెప్పుకుంటాను’ అని రాశారామె.

అందుకే ఈ వారం పేజీ మొత్తం ఆ కుర్రాడి రెండు వాక్యాలకే. మధ్యలో కాస్త దారి తప్పితే మన్నించండి.

ముందు ‘డిడ్ నాట్ కేమ్’ సంగతి. ‘కమ్’ అంటే వచ్చు, ‘కేమ్’ అంటే వచ్చాను అని పిల్లలు టేబుల్స్‌లా వల్లె వేస్తారు. నిన్నటి సంగతికి ‘కేమ్’ వాడాలని టీచరే చెప్పారు. బడికి రాకపోయింది నిన్నే కదా! కాబట్టి ‘కేమ్’ అన్నాడు. వాడి లెక్కలో పొరపాటేమీ లేదు. ఇంగ్లిష్‌లో ఇంకో చిన్న కట్టుబాటు ఉందని మాత్రం ఎవరూ చెప్పి ఉండరు.

బస్సెక్కారనుకోండి. ముందు సీట్లో ఉన్న నాన్న ఇంటిల్లిపాదికీ కలిపి టిక్కెట్లు తీశారు. కండక్టరు వెనక సీటు దగ్గరికొస్తే మీరు మళ్లీ డబ్బులిస్తారా? ఇవ్వరు కదా. ఆ నాన్నగారే ‘డిడ్’. అది వాక్యంలోకి రాగానే ‘ఇది జరిగిపోయిన సంగతి’ అనే టిక్కెట్టు తీసేస్తుంది. వెనకున్న మాట ఇక మారనక్కర్లేదు. అందుకే ‘ఐ డిడ్ నాట్ కమ్’. అడిగేటప్పుడూ అంతే. ‘డిడ్ యూ ఈట్?’ అనాలి తప్ప ‘డిడ్ యూ ఏట్?’ కాదు. అదే ‘తిన్నాను’ అని జవాబు చెప్పేటప్పుడు ముందు సీట్లో నాన్న లేడు కాబట్టి ఎవరి టిక్కెట్టు వాళ్లే తీసుకోవాలి... ‘ఐ ఏట్’. ‘డజ్’ కూడా ఈ కుటుంబంలోదే. ‘షి నోస్’లో చివర ఉన్న ‘స్’ని అడిగేటప్పుడు ‘డజ్’ లాగేసుకుంటుంది. ‘డజ్ షి నో?’ అంటే చాలు.

ఇంకో సంగతి ఆ అబ్బాయికి తప్పకుండా చెప్పండమ్మా. ఇంగ్లండ్‌లో పుట్టి, అమ్మ ఒళ్లో ఇంగ్లిష్ నేర్చుకునే పసివాళ్లు కూడా ‘డిడ్ నాట్ కేమ్’ లాంటి మాటలు అంటారు. ‘వెంట్’ అనాల్సిన చోట ‘గో’కి తోక తగిలించి ‘గోడ్’ అంటారు. పిల్లలు భాష ఎలా నేర్చుకుంటారో గమనించేవాళ్లు దీన్ని తెలివితక్కువతనం కింద జమకట్టరు. నియమం పట్టుబడుతోంది అనడానికి గుర్తు అంటారు. వాళ్లకి రెండు మూడేళ్ల వయసులో నవ్వే జనం ఉండరు, మన పిల్లలకి పదకొండో ఏట నలభై మంది ఉంటారు. తేడా అదే!

ఇక రెండో వాక్యం. ఇందులో అసలు చిక్కు ‘సిన్స్’. దీనికి కారణం మన ‘నుంచి’. తెలుగులో ‘సోమవారం నుంచి’ అంటాం, ‘రెండు రోజుల నుంచి’ అనీ అంటాం. రెంటికీ ఒకటే మాట. ఇంగ్లిష్ వాళ్లు ఇక్కడ రెండు దార్లు వేశారు. మొదలైన చోటు మీద వేలు పెట్టి చూపించగలిగితే ‘సిన్స్’. సోమవారం, పది గంటలు, 2019, పుట్టినరోజు... ఇవన్నీ క్యాలెండర్‌లోనో గడియారంలోనో చూపించొచ్చు. అలా కాకుండా ఎన్ని అని లెక్కపెట్టేదైతే ‘ఫర్’. రెండు రోజులు, పది నిమిషాలు, ఆరు నెలలు. కాబట్టి ‘సిన్స్ మండే’, ‘ఫర్ టూ డేస్’. ఈ ఒక్క ముక్క తెలియక ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ‘సిన్స్ ఫైవ్ ఇయర్స్’ అనే పెద్దవాళ్లు ఎందరో. వాళ్లనెవరూ గొల్లున నవ్వరు, మనసులో మార్కులు తగ్గిస్తారంతే.

‘సఫరింగ్’ తర్వాత ‘ఫ్రమ్’ పడాలి. అయినా ఆ మాట మనకి సెలవు చీటీల్లోంచి అంటుకుంది. అమ్మమ్మగారింటి ఆవకాయ జాడీలా తాత నుంచి మనవడి దాకా అదే చీటీ నడుస్తోంది. రెండ్రోజుల జ్వరానికి అంత బరువైన మాట ఎందుకు? ‘ఐ హేడ్ ఎ ఫీవర్ ఫర్ టూ డేస్’ అంటే సరిపోయేది. జ్వరం తగ్గిపోయింది కాబట్టి ‘హేడ్’. మంచం మీదే ఉండి, ఇంకా ఒళ్లు కాలుతుండగా ఫోన్లో చెప్పాల్సి వస్తే ‘ఐ హేవ్ హేడ్ ఎ ఫీవర్ ఫర్ టూ డేస్’ అనాలి. అప్పుడు మొదలై ఇప్పటికీ ఉన్నదానికి ఆ ‘హేవ్’ గుర్తు. తెలుగులో ‘రెండ్రోజుల నుంచి జ్వరంగా ఉంది’ అంటాం. ‘ఉంది’ అన్నాం కదా అని అక్కడ ‘యామ్’ పెట్టేస్తాం. తప్పు ఎక్కడ పుడుతోందో తెలిసిందా? మన భాష రాకపోవడం వల్ల కాదు, మరీ బాగా రావడం వల్ల.

ఆ మాటకొస్తే ఈ పేజీకి అందరికంటే ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న కూడా ఇలాంటిదే. ‘నువ్వు మీ నాన్నకి ఎన్నో కొడుకువి?’ దీన్ని ఇంగ్లిష్‌లో ఎలా అడగాలి? పెళ్లిళ్లలో, రైళ్లలో ఈ ప్రశ్నతో బావమరదుల్ని ఏడిపించని తెలుగువాడు ఉండడు. నిజం చెప్పాలంటే మన ‘ఎన్నో’కి ఇంగ్లిష్‌లో వాడుకలో ఉన్న ఒంటి మాట లేదు. అలాగని వాళ్లకి పని జరగడం లేదా? సందర్భాన్ని బట్టి దారి మార్చుకుంటారు. ఎన్నో తరగతి అంటే ‘వాట్ క్లాస్ ఆర్ యూ ఇన్?’. ఎన్నో అంతస్తు అంటే ‘విచ్ ఫ్లోర్ డూ యూ లివ్ ఆన్?’. ఇవాళ ఎన్నో తారీఖు అంటే ‘వాట్ ఈజ్ ద డేట్ టుడే?’. నీలం సంజీవరెడ్డి ఎన్నో రాష్ట్రపతి అని అడగాలంటే ‘హౌ మెనీ ప్రెసిడెంట్స్ డిడ్ ఇండియా హేవ్ బిఫోర్ సంజీవరెడ్డి?’ అని చుట్టూ తిరిగి రావాలి. జవాబు అయిదుగురు, కాబట్టి ఆయన ఆరో రాష్ట్రపతి. ఎన్నో కొడుకు దగ్గర మాత్రం సూటిగా ‘ఆర్ యూ ద ఎల్డెస్ట్?’ అనేయడం మేలు. ఎదుటివాడు ‘నో, ద సెకండ్’ అని తనే చెబుతాడు.

ఇలాంటి ఖాళీలు అటువైపూ ఉన్నాయి. తెలుగు నేర్చుకుని, 1820లో కడప కొలువుకు వచ్చి, 1852లో తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు అచ్చువేయించిన సి.పి.బ్రౌన్ దొరగారి సొంత భాషలో ‘మనం’, ‘మేము’ అనే తేడా లేదు. రెంటికీ ‘వి’ ఒక్కటే. ‘మనం భోజనానికి వెళ్తున్నాం’ అంటే ఇంటికొచ్చిన చుట్టం చెప్పులేసుకుంటాడు. ‘మేం వెళ్తున్నాం’ అంటే మంచినీళ్లు తాగి లేస్తాడు. తెలుగు నేర్చుకునే ఇంగ్లిష్ వాళ్లకి ఇది కొరుకుడు పడని చోటు.

తెలుగు అడ్డం పడటమే కాదు, ఆదుకునే చోట్లూ ఉన్నాయి. ‘ఎ’ ఎక్కడ పెట్టాలి, ‘యాన్’ ఎక్కడ పెట్టాలి అనేది పరీక్షల్లో అరమార్కు తినేసే ప్రశ్న. ఎ, ఇ, ఐ, ఓ, యు అనే అయిదు అక్షరాల ముందు ‘యాన్’ అని బట్టీ పట్టినవాళ్లంతా యూనివర్సిటీ దగ్గర బోల్తా పడతారు. ఎందుకంటే అక్కడ లెక్క అక్షరంతో కాదు, పలికే శబ్దంతో. దీనికి మన దగ్గర ఉన్నంత సులువైన కిటుకు ఇంకెవరి దగ్గరా ఉండదేమో! ఆ మాటని తెలుగులో రాయండి. మొదటి అక్షరం అచ్చు అయితే ‘యాన్’, హల్లు అయితే ‘ఎ’. అంబ్రెల్లా, అవర్, ఎమ్మెల్యే, ఎఫ్ఐఆర్... అన్నీ అచ్చులే, కాబట్టి ‘యాన్’. యూనివర్సిటీ, యూనిఫామ్, యూరోపియన్... మొదట ‘య’ ఉంది, ‘ఎ’ పెట్టండి. ‘వన్ రూపీ కాయిన్’లో ‘వ’ ఉంది, దానికీ ‘ఎ’నే. ఒక్క జాగ్రత్త. మన నోరు ఎగ్‌ని ‘యెగ్’ అనీ, ఎలిఫెంట్‌ని ‘యెలిఫెంట్’ అనీ సాగదీస్తుంది. రాసేటప్పుడు ఆ యాస తీసేసి ‘ఎ’తోనే రాయాలి.

అలాగే ‘ఐ యామ్ నోయింగ్’ అనబోయే ముందు తెలుగులో ఒకసారి అనుకుని చూడండి. ‘నాకు తెలుసు’ అంటామే గానీ ‘తెలుస్తూ ఉన్నాను’ అనం కదా! ‘ఐ నో’ చాలు. అయితే ఈ కిటుకు అన్నిచోట్లా పనిచేయదు. ‘అర్థమవుతోంది’ అంటాం కాబట్టి ‘ఐ యామ్ అండర్‌స్టాండింగ్’ అనాలనిపిస్తుంది. అక్కడ మాత్రం మామూలుగా ‘ఐ అండర్‌స్టాండ్’ అనే అంటారు.

మిగతావి త్వరగా చూసేద్దాం. ‘అతనికి చెప్పాను’లోని ‘కి’ని వెంటేసుకెళ్లి ‘ఐ టోల్డ్ టు హిమ్’ అంటుంటారు. ‘టోల్డ్ హిమ్’ చాలు, ‘సెడ్’ అయితేనే ‘టు’ కావాలి. ‘డిస్కస్’లోనే ‘గురించి’ ఉంది, మళ్లీ ‘అబౌట్’ వద్దు. మన దగ్గర్నుంచి వెళ్తే ‘లెండ్’, మన దగ్గరికి వస్తే ‘బారో’. పెన్సిల్ కావాలంటే ‘కెన్ ఐ బారో యువర్ పెన్సిల్?’ అనడగాలి. పెదనాన్నగారి అబ్బాయి మనకి అన్నయ్యే. ఇంగ్లిష్‌లో మాత్రం ఉత్త ‘కజిన్’. ‘కజిన్ బ్రదర్’ అని ఇంట్లో అంటే నేనైతే దిద్దను. అన్నయ్యని అన్నయ్య కాకుండా చేయడానికి నోరెలా వస్తుంది? పరీక్షలో మాత్రం కజిన్ అనే రాయించండి.

ఇప్పుడు ఆ తల్లి అడగని, అడగాలనుకున్న ప్రశ్న. వాడి నోరు మళ్లీ తెరిపించడం ఎలా?

అమ్మా, మీకు ఇంగ్లిష్ రాకపోవడం ఇక్కడ కలిసొచ్చేదే. రోజుకొక వాక్యం వాణ్ణే మీకు నేర్పమనండి. బస్సు టిక్కెట్టు కథ వాడి చేతే చెప్పించుకోండి. మీరు తప్పు పలికితే వాడు దిద్దుతాడు, మీరిద్దరూ కలిసి నవ్వుకోవచ్చు. ఆ నవ్వు వేరు. ఇంగ్లిష్ వచ్చిన అమ్మానాన్నలకూ, టీచర్లకూ ఒక మాట. పిల్లాడు ‘ఐ డిడ్ నాట్ కేమ్’ అన్నప్పుడు ఆపి దిద్దకుండా, ‘ఓ, యూ డిడ్ నాట్ కమ్? వాట్ హాపెండ్?’ అని మామూలుగా సంభాషణ సాగించండి. సరైన మాట వాడి చెవిన పడుతుంది, నలుగురిలో పరువూ నిలుస్తుంది. చిన్నపిల్లల దగ్గర ఇంగ్లిష్ తల్లులు చేసేది చాలావరకు ఇదే.

చివరగా అబ్బాయితో నాలుగు మాటలు. నాన్నా, తాతల నాటి ఆ సెలవు చీటీని పక్కన పెట్టెయ్. ఈసారి ఇలా రాయి:

‘డియర్ మేడమ్, ఐ కుడ్ నాట్ కమ్ టు స్కూల్ ఆన్ మండే అండ్ ట్యూజ్‌డే బికాజ్ ఐ హేడ్ ఎ ఫీవర్. ప్లీజ్ గ్రాంట్ మి లీవ్ ఫర్ దోజ్ టూ డేస్.’

‘కుడ్’ కూడా నాన్నలా ముందు సీట్లో కూర్చుని టిక్కెట్లు తీసే రకమే. దాని వెనక ‘కమ్’ ఉందో, ‘కేమ్’ ఉందో ఓసారి చూసుకో. ఇంకేమైనా సందేహముంటే ఈ పేజీకి రాయి. ఈసారి ఉత్తరం మాత్రం అమ్మ కాదు, నువ్వే రాయాలి.