చమురు కర్మాగారానికి సెలవులు

బాలలూ! బడికి సున్నం వేయించినా, కప్పు పెంకులు సర్దించినా వేసవి సెలవుల్లోనే. మీరు కింద కూర్చుని వుండగా కప్పు విప్పలేం కదా!

విశాఖపట్నంలో 1957 నుంచీ చమురు శుద్ధి కర్మాగారం వుంది. ఇలాంటివి రాత్రింబగళ్లు, ఏళ్ల తరబడి నడుస్తాయి. నాలుగైదేళ్లకోసారి ఒక్కొక్క భాగాన్ని ఆపి, విప్పి బాగుచేస్తారు. పని కొద్ది వారాలదే. ఏర్పాట్లు మాత్రం ఏడాదికి పైగా సాగుతాయి.

ఆపడమంటే మీట నొక్కడం కాదు. వేడి మెల్లగా తగ్గించాలి. చమురు తోడేసి, ఆవిరి పట్టించి, లోపలి వాయువుల్ని తరిమెయ్యాలి. తరవాత గొట్టాల అతుకుల మధ్య గట్టి ఇనపబిళ్లలు బిగిస్తారు. వాల్వు మూస్తే చాలదా అంటారేమో! వాల్వు కారవచ్చు. ఇంకో చిత్రం: లోపలి గోడలకు పట్టిన ఇనుము, గంధకం కలిసిన పొర గాలి తగిలితే తనంతట తానే రాజుకుంటుంది. అందుకని దాన్ని తడిపి వుంచుతారు. గాలి పరీక్షించి, అనుమతి చీటీ మీద సంతకాలయ్యాకే మనిషి లోపలికి దిగుతాడు.

ఆ చీటీని తేలిగ్గా చూడకండి. స్కాట్లండు దగ్గర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు వేదిక వుండేది. 1988 జూలై 6న, వేదికను ఆపకుండానే, ఒక పంపుకున్న సేఫ్టీ వాల్వును బాగుచేయడానికి విప్పారు. సంగతి రాత్రి షిఫ్టు వాళ్లకు చేరలేదు. రెండో పంపు ఆగిపోగానే వాళ్లు దీన్ని నడిపించారు. వాల్వు తీసిన చోట వాయువు కారి అంటుకుంది. 167 మంది చనిపోయారు.

పని అయ్యాక, బిగించిన బిళ్లలన్నీ తీశారో లేదో లెక్క చూశాకే కొలిమి వెలిగిస్తారు.