మొరాయించిన మోటారు సైకిలు

దెబ్బకు దెయ్యమైనా దిగుతుందంటారు. మోటారు సైకిలు మాత్రం దిగిరాదు. కిక్కు తొక్కి తొక్కి కాలు నొప్పి, మీట నొక్కి నొక్కి బ్యాటరీ ఖాళీ! ఇంజనుకు కావలసినవి మూడే: పెట్రోలు, గాలి, నిప్పురవ్వ. వీటిలో ఏది అందలేదో కనిపెడితే సగం వైద్యం అయినట్టే.

పొద్దున్నే తెనాలి స్టేషను దగ్గర బండి పెట్టి, విజయవాడ వెళ్లి రాత్రికి దిగారనుకోండి. పగలంతా వాన. బండి కదలదు. ముందు హాండిలు మీది ఎర్ర స్విచ్చి చూడండి. ఎవరి చెయ్యో తగిలి ఆగి వుండవచ్చు. హారను నీరసంగా పలికితే లోపం బ్యాటరీది. గట్టిగా పలికితే ట్యాంకులో పెట్రోలు చూడండి. అదీ వుంటే ప్లగ్గు విప్పండి. పొడిగా వుంటే ఇంజనుకు పెట్రోలు అందడం లేదు. పెట్రోలుతో తడిసి వుంటే నిప్పురవ్వ లేదు, లేదా చోక్ ఎక్కువైంది. ప్లగ్గునూ దాని తొడుగునూ తుడిచి, ఆరబెట్టి బిగించండి. ఆ దగ్గర అగ్గిపుల్ల గీయరాదని వేరే చెప్పాలా!

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బళ్లలో చాలావాటికి కార్బొరేటరు లేదు; ట్యాంకులోని పంపు పెట్రోలును అందిస్తుంది. తాళం తిప్పగానే సన్నని రొద వినిపించాలి. లేకపోతే ఫ్యూజు చూడండి. వీటిలో బ్యాటరీ పూర్తిగా చస్తే బండిని ఎంత తోసినా ప్రయోజనం వుండదు.

బాపట్ల బళ్ల జబ్బు వేరు. సూర్యలంక ఉప్పుగాలికి తీగల కొనలు చిలుము పట్టి, కరెంటు అందదు. సముద్రపు ఒడ్డుకు వెళ్లి వచ్చిన బండిని మంచినీళ్లతో కడగండి. బ్యాటరీ కొనలు శుభ్రం చేసి, కాస్త వాజలైను రాయండి.

అన్నిటికన్నా ప్రమాదం మునిగిన బండితో. కృష్ణకు వరద వస్తే రేపల్లె వైపు లంకల్లో అది మామూలే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. మునిగిన బండికి తాళమైనా తిప్పకండి. గాలిని అదమవచ్చు, నీటిని అదమలేం. సిలిండరులో నీరుండగా పిస్టను పైకి లేస్తే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. వందలతో పోయేది వేలు మింగుతుంది.

ముందు బ్యాటరీ తీగ విప్పండి. ప్లగ్గు తీసి కిక్కు మెల్లగా తొక్కితే ఆ రంధ్రంలోంచి నీరు బయటికొస్తుంది. తడిసిన గాలి ఫిల్టరు మార్చండి. ఇంజనాయిలు పాలు కలిపిన టీలా కనిపిస్తే నీరు చేరిందన్న మాట, అదీ మార్చాలి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు వుంటోంది. అది నీటిని పీల్చుకుని ట్యాంకు అడుగుకు చేరుతుంది. కనుక ట్యాంకు మొత్తం ఖాళీ చేయించండి.

కిక్కు లేని బండి అయితే ఇవేవీ చేయబోకుండా మెకానిక్కు దగ్గరికి తోసుకెళ్లండి. నలుగురూ చూస్తారని నామోషీ పడకండి. కొత్త ఇంజను కన్నా చెమట చవక!