మా అమ్మ మూడు బకెట్లు



పోయిన వారం క్లాసులో ‘మడి’ అనే మాటకు అర్థం అడిగాను. పిల్లలు ‘పవిత్రత’ అన్నారు, ‘ఆచారం’ అన్నారు. ‘ఉతికిన బట్ట’ అని ఒక్కరూ అనలేదు. ఇంటికొచ్చి బట్టలు వేరుచేస్తుంటే అదే గుర్తొచ్చింది. ఈ వారం రాత దాని గురించే.

మా ఇంట్లో ఆదివారం ఉతుకుడు రోజు. అమ్మ బోరింగు దగ్గర మూడు బకెట్లు పెట్టేది. మొదటిదాంట్లో తెల్లవి: మా స్కూలు చొక్కాలు, తాత పంచె. రెండోదాంట్లో రంగువి. కొత్త లంగా ఏదైనా ఉంటే తడిపిన తెల్లగుడ్డతో దాని అంచు రుద్ది చూసేది. గుడ్డకు రంగు అంటితే ఆ లంగాను రెండు మూడు ఉతుకుల దాకా విడిగానే ఉతికేది. మూడో బకెట్ నాన్నది. నాన్న మున్సిపాలిటీలో డ్రైనేజీ పని చేసేవాడు. ఆయన ఖాకీ బట్టల్ని అమ్మ వేడినీళ్లలో నానబెట్టి, వేరే బ్రష్షుతో రుద్దేది.

“నాన్నవి ఎందుకమ్మా వేరే?” అని ఒకసారి అడిగాను.

“మోరీ నీళ్లురా. మీకు రోగాలొస్తయి” అంది.

ఉతికాక ఆ ఖాకీ చొక్కా మా తెల్లచొక్కాల పక్కనే, అదే దండెం మీద ఆరేది. మడతపెట్టాక అదే ట్రంకు పెట్టెలోకి పోయేది. అమ్మ వేరుచేసింది మురికిని. ఆ వేరు ఉతుకుతోనే అయిపోయేది.

ఊళ్లో ఇంకో రకం వేరుచేయడం ఉండేది. ఊరందరి మూటలూ రేవుకు పోయేవనీ, మన వాడ మూటను మాత్రం ఎవరూ ముట్టేవాళ్లు కాదనీ నాయనమ్మ చెప్పేది. మా బట్టలు ఎంత మాసినయ్ అని ఎవరూ చూడలేదు. ఎవరివి అని చూశారు.

ఇది మా ఒక్క ఊరి సంగతి కాదు. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో బాబాసాహెబ్ తన సతారా బాల్యం గురించి రాశారు. ఆ ఊళ్లో చాకళ్లు ఉన్నారు, ఇంట్లో ఇవ్వడానికి డబ్బులూ ఉన్నాయి. అయినా బట్టలు ఉతికింది ఆయన అక్కలే. అంటరానివాళ్ల బట్టలు ఏ చాకలీ ఉతకడు కాబట్టి. సుబేదార్ కొడుకైనా అంతే. అంటరానితనం పేరుతో ఇలా సేవ నిరాకరించడం 1955 చట్టంలోని 6వ సెక్షన్ ప్రకారం నేరం. ఆ చట్టాన్నే ఇప్పుడు పౌరహక్కుల పరిరక్షణ చట్టం అంటున్నాం. మూట ముట్టకపోవడాన్ని శిక్షించడానికి ఈ దేశానికి ఒక సెక్షన్ కావాల్సి వచ్చిందన్న సంగతి మర్చిపోకండి.

దీనికి చాకలి మీద కోపం తెచ్చుకోవడం తేలిక. కానీ మా మూట ముడితే మిగతా ఊరు తన మూటలు ఆపేస్తుంది, కల్లంలో గింజలు కొలవదు. దొరల ఇళ్లల్లో వెట్టికి ఉతికిందీ ఆ కుటుంబాలే. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి తన పంట నిలబెట్టుకున్న పాలకుర్తి ఐలమ్మ ఆ కులం బిడ్డే. అంబేద్కర్ చెప్పిన అంచెల అసమానత ఇట్లా పనిచేస్తుంది: కింద ఉన్నవాడి చేతనే ఇంకా కింద ఉన్నవాడిని తోయిస్తుంది. తమిళనాడులో దళితుల బట్టలు ఉతికే పుదిరై వణ్ణార్లు కూడా ఎస్సీలే. వాళ్లను మిగతా దళితులే తక్కువగా చూశారు. నిచ్చెన మన దగ్గర ఆగిపోలేదు.

ఇప్పుడు ‘మడి’ దగ్గరికి వద్దాం. ఉతికి, ఎవరూ ముట్టకుండా ఆరేసిన బట్ట మడి. కన్నడంలో ‘మడివాళ’ అంటే చాకలి. మన పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో మడివాలు మాచయ్య కథ ఉంది, ఆయన వృత్తీ అదే. అంటే మడి అనే మాటలో చాకలి చెమట ఉంది. బట్టను మడి చేసిన మనిషికి మాత్రం మడి దక్కలేదు. బట్టకు మురికి వదిలించినవాడి మీదికే ఆ మురికిని ఎత్తారు.

ఇక్కడిదాకా చదివి తలూపుతున్న తమ్ముళ్లకు ఒక మాట. మా ఇంట్లో నాలుగో బకెట్ కూడా ఉండేది. నేను పైన లెక్క చెప్పలేదు, ఎందుకంటే అది స్నానాల గది మూలన ఉండేది. అక్క ముట్టు గుడ్డలది. అక్క వాటిని చన్నీళ్లలో నానబెట్టేది. వేడినీళ్లు పోస్తే నెత్తురు మరక పట్టేస్తుంది కాబట్టి అంతవరకు సరైన పనే. కానీ ఉతికాక ఆ గుడ్డలు దండెం ఎక్కలేదు. గది వెనక, పాత చీర కింద, ఎండ తగలని చోట ఆరేవి. తడి ఆరని గుడ్డ వాడితే ఒంటికి మంచిది కాదని మాకు తెలుసు. మోరీ నీళ్ల ఖాకీకి దొరికిన ఎండ అక్క గుడ్డకు దొరకలేదు. మన మూట ముట్టని ఊరి మీద రాత్రంతా కోపంగా మాట్లాడే నాన్న ఈ మూల వైపు ఒక్కరోజూ చూడలేదు. నేనూ చూడలేదు. పీహెచ్‌డీ అయ్యాక గానీ నాకు ‘అంటు’, ‘ముట్టు’ అనే రెండు మాటల అర్థమూ తాకడమే అని తట్టలేదు. వాడనూ ఆడదాన్నీ దూరం పెట్టింది ఒకే బుద్ధి.

మురికి ఉతికితే పోతుంది. ఉతికినా పోదు అన్నారంటే అది మురికి కాదు, కులం. అది మన ఇంట్లో ఉన్నా సరే.

ఈ ఆదివారం మీ ఇంట్లో, మీ హాస్టల్లో బట్టలు ఎవరు వేరుచేస్తున్నారో చూడండి. పక్కన పెట్టిన ప్రతి బట్టకూ కారణం అడగండి. రంగు పోతుంది, నూనె మరక ఉంది, జబ్బు మనిషి కట్టింది అంటే వినండి, నేర్చుకోండి, బకెట్ మీరే అందుకోండి. ఉతికాక కూడా అది వేరే దండెం మీదే ఆరాలి అంటే మాత్రం అక్కడే ఆగి గొడవపడండి.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అక్క కూతురి గుడ్డలు డాబా మీద, అందరి బట్టల మధ్య, నడి ఎండలో ఆరుతున్నాయి. ఆరేసింది అక్కే. నాన్న చూశాడు, ఏమీ అనలేదు. సాయంత్రం మబ్బు పడితే అన్నీ ఒకే చేత్తో తీసి లోపల పెట్టాడు.

జై భీమ్. మళ్లీ వచ్చే ఆదివారం.